మంచు బండి హెల్మీ, చలికి చిక్కిన బోవా

మా ఊళ్లో హెల్మీ కోస్కెలాకు రెండు పేర్లున్నాయి. రోడ్ల డిపోలో పనిచేసేవాళ్లు ఆమెను మంచు బండి హెల్మీ అంటారు. మిగతా ఊరు పాముల హెల్మీ అంటుంది. రెండో పేరు ఆమె ఎదురుగా ఎవరూ అనరు.

హెల్మీ పాడి పశువులు, బంగాళదుంపల పొలం ఉన్న ఇంట్లో పుట్టింది. స్కూలు అయిపోగానే మిషిగన్‌లో మా వైపు రోడ్లు చూసే డిపోలో చేరింది. చలికాలంలో మంచు తోసే బండి నడపడం, ఎండాకాలంలో గుంతలు పూడ్చడం ఆ పని. అప్పటికి అక్కడ ఆడవాళ్లెవరూ లేరు. మొదటి వారంలో మగవాళ్లు ఆమెను కాఫీ కాచమన్నారు. ఆమె ఉప్పు వేసి కాచి, అందరికీ కప్పుల్లో పోసి ఇచ్చింది. మళ్లీ ఎవరూ అడగలేదు. పెళ్లి రెండు చలికాలాలు నిలిచింది. ఆయనకు ఎండ కావాలనిపించి ఫ్లోరిడా వెళ్లిపోయాడు. ఆమెకు వెళ్లబుద్ధి కాలేదు.

పాముల సంగతి కూడా ఆ డిపోలోనే మొదలైంది. ఎవరో పెంచుకుని విసుగెత్తి రోడ్డు పక్కన పారేసిన అట్టపెట్టెలో చిన్న కొండచిలువ దొరికింది. హెల్మీ కేక వేస్తే చూసి నవ్వుదామని కుర్రాళ్లు దాన్ని ఆమె బండి సీట్లో పెట్టారు. ఆమె దాన్ని చేతిలోకి తీసుకుని చూసింది. ఒళ్లంతా కట్టెలా బిగుసుకుపోయి ఉంది. కోటు గుండీలు విప్పి లోపల పెట్టుకుని, బండెక్కి పనికి వెళ్లిపోయింది. ఆ పాము ఆమె ఇంట్లో పదిహేనేళ్లు బతికింది. అప్పటినుంచీ మా చుట్టుపక్కల ఎవరు పామును వదిలించుకోవాలన్నా, ఎవరి గోడలో పాము కనిపించినా ఫోను హెల్మీకే.

నేను చెప్పబోయేది మొన్నటి చలికాలం మాట.

జనవరిలో ఒకరోజు ఉదయం, హెల్మీ పని దిగి బూట్లు విప్పుతుండగా లెస్టర్ ట్రెలోర్ ఫోను చేశాడు. ప్రధాన వీధిలో అతనికో పాత ఇటుక భవనం ఉంది. కింద అతని భార్య జోన్ జుట్టు కత్తిరించే దుకాణం నడుపుతుంది. పై వాటా అద్దెకిస్తాడు.

"హెల్మీ, నువ్వొస్తావా, లేకపోతే నేనే పార పట్టుకుని లోపలికి పోనా?"

"ఏమైంది లెస్టర్?"

"మేడ మీద కుర్రాడు చెప్పాపెట్టకుండా మాయమయ్యాడు. కరెంటు కట్టలేదని తీసేశారు. ఇవాళ తలుపు తీస్తే ఒకటే కంపు. పడగ్గదిలో గాజుపెట్టె ఉంది, మూత పక్కకి జరిగి ఉంది. లోపల కుబుసం ముక్కలున్నాయి. నా చేతంత లావు!"

"చెయ్యంటే? మణికట్టు దగ్గరా, భుజం దగ్గరా?"

"ఎక్కడైతే ఏంటమ్మా! అది ఇల్లంతా తిరుగుతోంది!"

"ఈ చలికి ఏ పామూ తిరగదు. తలుపు మూసి మెట్ల దగ్గర నిలబడు. దేన్నీ కదపకు. పార ఉంటే కింద పడెయ్."

ఆమె విప్పిన బూట్లు మళ్లీ తొడుక్కుంది. రెండు దిండు గలీబులు, ఒక టార్చి, పనిముట్ల సంచీ తీసుకుని బయల్దేరింది.

ఆ వాటాలో ఊపిరి పొగలా కనబడేంత చలి. వంటింటి తొట్టిలో నీళ్ల మీద పలచగా మంచు పేరుకుంది. గాజుపెట్టెలో నీళ్ల గిన్నె ఎండిపోయి ఉంది. దాని అడుగున వేడికోసం పెట్టిన పరుపులాంటి పలక ఒకచోట నల్లగా మాడి ఉంది. హెల్మీ దాన్ని చూసి పళ్లు కొరికింది. కాలే పలక మీద పడుకుని, తర్వాత ఆ పలకా చల్లారిపోతే, ఆ పాము ఆఖరి ఓపికతో మూత తోసుకుని బయటపడి ఉంటుంది. వేడి ఉన్న చోటు కోసమే వెతుక్కుని ఉంటుంది.

ఫ్రిజ్ వెనక చూసింది. లేదు. పరుపు ఎత్తింది. సోఫా అడుగు గుడ్డ కోసి స్ప్రింగుల మధ్య చెయ్యి పెట్టి తడిమింది. లేదు. లెస్టర్ గుమ్మంలో నిలబడి ఒక్కో వస్తువు కదిలినప్పుడల్లా ఒక మెట్టు దిగుతున్నాడు.

"హెల్మీ, అది కింద దుకాణంలోకి దిగితే? లోపల నలుగురు ఆడవాళ్లున్నారు. జోన్‌కి తెలిస్తే నన్ను ఇంట్లోకి రానివ్వదు."

"నోరు మూసుకో ఒక్క నిమిషం."

ఆమె వంటిల్లు దాటి, నడవ దాటి, స్నానాల గదిలో నిలబడి చెవి పెట్టింది. కింద జుట్టు ఆరబెట్టే మిషను రొద ఆగినప్పుడు వినిపించింది. టైరులో గాలి సన్నగా పోతున్నట్టు, ఆగి ఆగి ఒక చప్పుడు. స్నానపు తొట్టి వెనకనుంచి.

తొట్టి పక్క పలక మరలు తుప్పు పట్టిపోయాయి. లెస్టర్ రంపం తెస్తానన్నాడు. ఆమె వద్దంది. మరల మీద నూనె చుక్కలు వేసి, ఒక్కొక్కటే అరిగిపోకుండా విప్పింది. పలక ఊడొచ్చింది. టార్చి వెలుగులో దుమ్ము, పాత సబ్బు ముక్కలు, వాటి వెనక కింది దుకాణంనుంచి పైకొచ్చే వేడినీళ్ల గొట్టం కనిపించాయి. ఆ గొట్టానికి చుట్టలు చుట్టలుగా చుట్టుకుని, కొండచిలువలాగే చుట్టి బిగించే పెద్ద ఆడ బోవా ఉంది. వెన్నెముక గుడ్డ కింద తాడులా పైకి తేలి ఉంది. చర్మం మడతలు పడి వదులుగా వేలాడుతోంది. విడవని కుబుసం పొరలు పొరలుగా పేరుకుని రెండు కళ్లనూ తెల్లగా మూసేసింది. తల పైకెత్తి, నోరు కొద్దిగా తెరుచుకుని గాలికోసం పెనుగులాడుతోంది.

"చచ్చిందా?" మెట్ల మీదనుంచి లెస్టర్.

"ఇంకా లేదు."

పట్టి లాగడం తేలికే. కానీ అది గొట్టాన్ని పట్టుకున్న పట్టుకి, లాగితే పక్కటెముకలు పుటుక్కుమంటాయి. హెల్మీ కోటు, చొక్కా విప్పేసి, లోపలి బనియనుతో ఆ చలి నేలమీద బోర్లా పడుకుంది. రెండు చేతులూ భుజాల దాకా ఆ సందులో పెట్టి, గొట్టానికీ పాముకీ మధ్య మెల్లగా దూర్చింది. ఇక కదలకుండా ఉండిపోయింది.

"ఎంతసేపు అలా?" లెస్టర్ గొంతు తగ్గించి అడిగాడు.

"దానికి నా చెయ్యి గొట్టం కంటే నచ్చేదాకా."

పాము తల ఆమె మొహానికి జానెడు దూరంలో ఉంది. కళ్లు కనబడని పాము భయపడితే ఎటు కొడుతుందో దానికే తెలియదు. హెల్మీ ముక్కుతో గాలి వదలడం కూడా తగ్గించింది. కింద మిషను మళ్లీ మొదలైంది. ఆ రొదకి పాము ఒళ్లంతా ఒక్కసారి బిగుసుకుంది. బుస్సుమంది. హెల్మీ కళ్లు మూసుకుంది.

"లెస్టర్!" కిందనుంచి జోన్ కేక. "పైన ఏం చేస్తున్నావ్?"

"గొట్టం! గొట్టం బాగుచేస్తున్నాం!"

"ఎవరితో?"

"హెల్మీతో!"

ఆ పేరు వినగానే దుకాణం తలుపు గంటలు గణగణమన్నాయి. జుట్టుకి రంగు పూసుకున్న ఆడవాళ్లు తలలకి చుట్టుకున్న తువ్వాళ్లతోనే వీధిలోకి పరిగెత్తారని తర్వాత అందరూ చెప్పుకున్నారు. ఆ హడావుడి వల్ల మేలే జరిగింది. మిషన్లు ఆగాయి, వేడినీళ్లు ఆగాయి. గొట్టం చల్లబడింది. బోవా ఒక చుట్ట సడలించింది. ఆ చుట్ట హెల్మీ ముంజేతి మీదికి వచ్చింది. మరో చుట్ట మోచేతి మీదికి. అలా గొట్టాన్ని వదిలి ఆమెను పట్టుకుంది.

హెల్మీ లేచి నిలబడేసరికి పెదవులు నీలంగా ఉన్నాయి. పామును గలీబులోకి దించి, మూతి ముడేసి, కోటు లోపల పొట్టకి ఆనించి గుండీలు పెట్టుకుంది. గుమ్మంలో లెస్టర్‌తో ఒకటే మాట అంది.

"ఆ కుర్రాడు కనబడితే నా దగ్గరికి పంపు. వాడి గొంతు నేను పిసుకుతాను."

మర్నాడు హెల్మీ మార్కెట్ అనే పేరున్న పట్నానికి కారు తీసింది. సరీసృపాలకు వైద్యం చేసే డాక్టర్ మాకు దగ్గర్లో అక్కడే ఉంది. పేరు లూసియా బెనెడెట్టి. ఆవిడ తొందరపడే మనిషి కాదు. పామును బల్ల మీద సాచి, నోరు తెరిచి, పొట్ట తిప్పి, ఛాతీ ఎక్స్‌రే తీసి, చేతులు కడుక్కుని వచ్చి కూర్చుంది.

"ఊపిరితిత్తుల్లో జబ్బు ముదిరింది. చిగుళ్లలో చీము. పొట్ట కింద కాలిన పుండు లోతుగా ఉంది. నెలల తరబడి తిండి లేదు. నేను మీకు అబద్ధం చెప్పను హెల్మీ. ఇప్పుడే బాధ లేకుండా శాశ్వతంగా నిద్రపుచ్చేద్దామన్నా తప్పేం కాదు."

"మీ పామైతే ఏం చేసేవారు?"

డాక్టర్ ఆ ఎక్స్‌రే మళ్లీ చేతిలోకి తీసుకుంది. "నాకు మీలాంటి ఓపికుంటే ప్రయత్నించేదాన్ని. కానీ ఒక్క షరతు. వేడి తగ్గకూడదు. మందు పనిచేయాలంటే దాని ఒళ్లు వెచ్చగా ఉండాలి. ఒక్క పూట చల్లబడినా మనం చేసిందంతా పోతుంది."

"మా ఇంట్లో వేడికేం కరువు?" అంది హెల్మీ.

ఆమె కుట్టుమిషను ఉన్న గది ఖాళీ చేసి పెద్ద పెట్టె తయారుచేసింది. పైన వేడి దీపాలు, వాటికి ఎక్కువ తక్కువలు చూసుకునే మీట. రోజూ గోరువెచ్చని నీళ్లలో నానబెట్టడం, పుండుకి మందు పూయడం, మూడు రోజులకోసారి ఇంజెక్షన్. నానిన కుబుసం తడిగుడ్డ మీద ఊడొచ్చేది. కళ్ల మీది పొరలు మాత్రం లాగకూడదు, లాగితే కన్నే ఊడొస్తుంది. అందుకని వాటిని తడిపి వదిలేసేది. పాముకి పేరు పెట్టలేదు. బతుకుతుందో లేదో తెలియనిదానికి పేరెందుకు అనుకుంది. పెద్దది అనేది, అంతే.

మొదట్లో పెద్దది ఇంజెక్షన్ సూది గుచ్చినా కదిలేది కాదు. అదే హెల్మీకి దిగులు. తర్వాత ఒకరోజు మధ్యాహ్నం సూది తీస్తుండగా అది తిరిగి ముంజెయ్యి కరిచింది.

నొప్పి కంటే ముందు ఆమెకు భయమేసింది, చేతికోసం కాదు. బోవా పళ్లు లోపలికి వంగి ఉంటాయి. చెయ్యి వెనక్కి లాగితే, ఆ చీము పట్టిన దవడ ఎముక పళ్లతో సహా ఊడుతుంది. లాగకపోతే అది వదలదు. పైగా రెండో క్షణంలోనే పెద్దది ఆమె మోచేతికి రెండు చుట్లు వేసి బిగించింది. ఇంట్లో ఎవరూ లేరు. ఫోను వంటింటి బల్ల మీద ఉంది. వేళ్లు ఎర్రబడి, తర్వాత తెల్లబడుతున్నాయి.

హెల్మీ చేతిని పాముతో సహా ఛాతీకి ఆనించుకుని, అడుగులో అడుగు వేస్తూ వంటింటి తొట్టి దాకా నడిచింది. ఎడమచేత్తో కుళాయి తిప్పి, చల్లటి నీళ్లను సన్నని ధారగా దాని మూతి అంచున పడనిచ్చింది. పాము వదల్లేదు. రక్తం నీళ్లతో కలిసి తొట్టిలోకి పోతోంది. ఆమె పాముతో మాట్లాడటం మొదలుపెట్టింది. తన నాన్న ఆవులతో మాట్లాడినట్టు, అర్థం లేని మాటలు, ఒకే గొంతుతో. చాలాసేపటికి దవడ సడలింది. ఒక్కో పన్నూ బయటికి వచ్చింది. పెద్దది తల వెనక్కి తీసుకుని బుస్సుమంది.

ఆ సాయంత్రం డాక్టర్‌కి ఫోను చేసి చెప్పింది.

"మిమ్మల్ని కరిచిందా! గట్టిగానా?"

"చాలా గట్టిగా."

"శుభవార్త," అంది డాక్టర్. ఇద్దరూ నవ్వుకున్నారు.

ఆ నవ్వు ఎన్నాళ్లో నిలవలేదు. ఫిబ్రవరిలో పక్కనున్న పెద్ద సరస్సు మీదనుంచి పెనుగాలితో మంచు దిగింది. పొద్దున్నే హెల్మీని పనికి పిలిచారు. ఆమెకు అప్పగించింది కొండ మీది పల్లెలనుంచి ఆస్పత్రి వైపు వచ్చే రోడ్డు. ఆ రోడ్డుని ఎంత తోసినా మళ్లీ పూడుకుపోతోంది. ఎదురుగా బండి ముక్కు కూడా కనబడని తెలుపు. ఆ దారిలో ఫోను పలికేది ఒక్కచోటే, రోడ్డు చివర గుట్ట మీద బండి తిప్పుకునే చోట. మొదటిసారి అక్కడికి చేరగానే ఫోను మోగింది. పక్కింటి వైనో పెల్టొ. కలప కోతలో పనిచేసి మానేసిన ముసలాయన. హెల్మీ లేనప్పుడు ఆమె ఇంటి ముందు మంచు తీస్తాడు. కానీ ఆ కుట్టుగది వైపు ఎన్నడూ చూడడు.

"హెల్మీ, కరెంటు పోయింది. ఊరంతా. తీగలు తెగాయంట, రేపటికి గానీ రాదంటున్నారు."

"జనరేటర్ తిప్పు వైనో. గరాజ్‌లో ఉంది."

"సరే."

మళ్లీ ఆ గుట్ట చేరడానికి రోడ్డంతా ఒక చుట్టు తిరిగి రావాలి. దారిలో ఒక పాల వ్యాను గోతిలోకి ఒరిగి అడ్డంగా ఉంది. దాన్ని దాటించేసరికి ఇంకొంత ఆలస్యం. గుట్ట మీదికి రాగానే తనే ఫోను చేసింది.

"తాడు తెగిపోయింది," అన్నాడు వైనో. "జనరేటర్ తాడు. లాగుతుంటే చేతికొచ్చేసింది. ఇంట్లో చలి మొదలైంది. నీ పాములన్నిటికీ దుప్పట్లు కప్పాను, పెట్టెల మీదే, ముట్టుకోకుండా."

"మిగతావి తట్టుకుంటాయి. పెద్దది తట్టుకోదు. విను. సౌనా వెలిగించు."

మా వైపు ప్రతి పెరట్లోనూ సౌనా ఉంటుంది. కట్టెల పొయ్యితో రాళ్లు కాల్చి, ఆవిరిలో కూర్చునే చెక్క గది. దానికి ముందు బట్టలు విప్పుకునే చిన్న గది.

"పాముకి సౌనానా? ఉడికిపోతుంది కదే!"

"లోపలి గదిలో కాదు, ముందు గదిలో. మధ్య తలుపు కాస్త తెరిచిపెట్టు. బెంచీ మీద థర్మామీటర్ పెట్టి చూస్తుండు. ముల్లు తొంభై ఫారెన్‌హీట్ దాటిందా, మధ్య తలుపు మూసెయ్. ఎనభై దిగిందా, తెరువు. నీ ఒంటి వేడి కంటే కొంచెం తక్కువ ఉండాలి, అంతే."

"అదంతా సరే. పాము అక్కడికి ఎలా వెళ్తుంది?"

గాలి బండిని ఊపేస్తోంది.

"హెల్మీ," అన్నాడు వైనో, "చిన్నప్పుడు గడ్డి మేటలో కాళ్ల మీదనుంచి పాము పాకింది. ఆ రోజునుంచి గడ్డి మేట ఎక్కలేదు నేను. నీకు తెలుసు కదా."

"తెలుసు."

"ఇంకెవరినైనా అడగరాదూ?"

"ఈ మంచులో నా ఇంటికి నడిచి రాగలిగేది నువ్వొక్కడివే. నేను ఈ రోడ్డు వదిలి రాలేను వైనో. వెనక అంబులెన్సు రావొచ్చు."

ఆయన గట్టిగా నిట్టూర్చాడు. ఫోను పెట్టేశాడు.

మూడోసారి గుట్ట ఎక్కినప్పుడు ఆయన గుసగుసలాడుతున్నాడు. "సౌనా వెచ్చగా ఉంది. పెట్టె మూత తీశాను. అది నన్ను చూసింది."

"దానికి కళ్లు కనబడవు."

"అయినా చూసింది. తల నా వైపే తిప్పింది."

"చేతులకి గ్లవ్స్ వేసుకో. దిండు గలీబు దాని పక్కన తెరిచిపెట్టు. తల పట్టుకోకు. నడుం కింద రెండు చేతులు పెట్టి, రొట్టె ఎత్తినట్టు ఎత్తు. నీరసంగా ఉంది, ఏమీ చెయ్యదు."

"నిన్ను కరిచిందిగా!"

"నేను సూది గుచ్చాను. నువ్వు గుచ్చవుగా."

"ఆ తల్లికి చెప్పు ఆ సంగతి," అని ఫోను పెట్టేశాడు.

నాలుగోసారి ఫోను చేస్తే ఆయన ఎత్తలేదు. హెల్మీ బండి తిప్పకుండా మళ్లీ చేసింది. మళ్లీ చేసింది. మోగి మోగి ఆగిపోయింది. కింద రోడ్డు పూడుకుపోతోంది, అక్కడ ఆగి ఉండటానికి లేదు. ఆ చుట్టంతా ఆమెకు కనబడిందల్లా ఒకటే, మంచులో బోర్లా పడి ఉన్న ముసలాయన, పక్కన ముడి విడిన గలీబు. తొంభై ఏళ్లకు దగ్గరపడి, బీపీ మాత్రలు మింగే మనిషిని ఒక పాముకోసం మంచు తుఫానులోకి తోశానే అనుకుంది. ఆ మాట నాతో చెబుతున్నప్పుడు కూడా ఆమె కిటికీ వైపు తిరిగింది. ఐదోసారి కూడా ఎవరూ ఎత్తలేదు. రేడియోలో డిపోని పిలిచింది. సొంత పనికి రేడియో వాడటం ఆ ఉద్యోగంలో అదే మొదటిసారి. వేరే డ్రైవర్‌ని పంపుతామన్నారు. అతను వచ్చి బండి అందుకునేదాకా ఆమె ఆ రోడ్డు తోస్తూనే ఉంది.

ఇల్లు చేరేసరికి మధ్యాహ్నం దాటింది. వాకిట్లోనుంచి సౌనా దాకా నడుం లోతు మంచులో ఒక మనిషి తొక్కిన దారి ఉంది. సగం పూడింది. తిరిగొచ్చిన అడుగులు లేవు. సౌనా పొగగొట్టంలోంచి పొగ సన్నగా వస్తోంది. ఆమె తలుపు తోసింది.

వైనో బెంచీ మీద గోడకి ఆనుకుని, వీపు నిటారుగా పెట్టి కూర్చుని ఉన్నాడు. చొక్కా లేదు. చెమట గడ్డం మీదనుంచి కారుతోంది. ఒళ్లో పెద్దది. ఒక చుట్ట ఆయన తొడల మీద, ఒక చుట్ట నడుం చుట్టూ, తల ఆయన ఎడమ భుజం మీద. ఆయన కళ్లు మాత్రమే కదిలాయి.

"తలుపు వెయ్," అన్నాడు పెదవులు కదపకుండా. "చలి."

హెల్మీ తలుపు వేసింది. అక్కడే కూలబడింది. "ఫోను ఎందుకు ఎత్తలేదు?"

"కోటులో ఉంది. కోటు ఆ మేకుకి ఉంది. నేనిక్కడ ఉన్నాను. సంచిలో ఊపిరి చప్పుడు ఆగిపోయింది. చచ్చిందనుకున్నా. విప్పి చూశా. చావలేదు. మెల్లగా పైకొచ్చింది. అప్పటినుంచీ కాలితోనే ఆ తలుపు తోస్తూ మూస్తూ ఉన్నా. నువ్వు రాకపోతే మంచు కరిగేదాకా ఇలాగే ఉండేవాణ్ణి."

ఆమె పామును తీసుకుంటుంటే ఆయన చేతులు గాల్లోనే ఉండిపోయాయి. దించడానికి కాసేపు పట్టింది.

కరెంటు వచ్చేదాకా ఇద్దరూ వంతులవారీగా అక్కడే కాపలా ఉన్నారు. ఏలకుల రొట్టె కాఫీలో ముంచుకుని తిన్నారు. పెద్దదాని ఊపిరి చప్పుడు పెరగలేదు. అదే చాలనుకున్నారు.

తర్వాతి వారాల్లో ఆ చప్పుడు తగ్గింది. డాక్టర్ మందు ఆపింది. కుడికన్ను పొర వదిలి నల్లగా మెరిసింది. ఎడమకన్ను మబ్బుగానే మిగిలింది. కానీ పెద్దది తినలేదు. హెల్మీ చచ్చిన ఎలుకను వెచ్చజేసి, పొడవాటి పటకారుతో దాని ముందు ఆడించేది. వాసన చూసి తల తిప్పేసుకునేది. తినకపోతే మిగతాదంతా వృథా. ఏప్రిల్ చివర్లో, విసుగొచ్చి ఆ ఎలుకను పెట్టెలో వదిలి, పెట్టె మీద గుడ్డ కప్పి, గది బయట గోడకి ఆనుకుని కూర్చుంది. కాసేపటికి దబ్బుమని చప్పుడైంది. గుడ్డ తీయలేదు. ఊపిరి బిగబట్టి అలాగే కూర్చుంది. తీసి చూసేసరికి పాము మెడ కింద ఎలుకంత ఉబ్బు, బయటికి తోక కొస. హెల్మీ నడవలోకి వచ్చి, వైనో ఇంటివైపు కిటికీ తెరిచి అరిచింది.

"తింది!"

"ఎవరు?" అని ఆయన బదులు అరిచి, వెంటనే అర్థమై టోపీ గాల్లోకి విసిరాడు.

మేలో, రోడ్ల పక్కన మంచు నల్లటి కుప్పలుగా మాత్రమే మిగిలినప్పుడు, ఒక సన్నటి కుర్రాడు ఆమె వాకిట్లో నిలబడ్డాడు. లెస్టర్ పంపాడట. పేరు రెమీ లవాల్.

"నా బీట్రిస్ మీ దగ్గరుందని చెప్పారండీ. తీసుకెళ్దామని వచ్చాను."

పాముకి పేరుందన్న సంగతి హెల్మీకి అప్పుడు తెలిసింది. జనవరినుంచీ ఈ కుర్రాడి మొహాన అనడానికి ఆమె ఎన్నో మాటలు కూడబెట్టుకుంది. మంచు తోస్తూ, బండిలో ఒక్కతే బయటికి అనుకునేది కూడా. అవన్నీ పక్కనపెట్టి వాణ్ణి కుట్టుగదిలోకి తీసుకెళ్లి, పామును ఎత్తి పొట్ట చూపించింది. పుండు మాని, పొలుసుల్లేని పొడవాటి మచ్చగా మిగిలింది.

వాడు చూశాడు. చెయ్యి చాచి మళ్లీ వెనక్కి తీసుకున్నాడు.

"పలక అంత కాలుతుందని తెలీదు. చలి వేస్తుందేమోనని ఎక్కువ పెట్టాను."

"తర్వాత?"

"తర్వాత నేను ఆస్పత్రిలో ఉన్నానండీ. మాత్రలు మింగాను. ఎక్కువ." నేల చూస్తూ చెప్పాడు. "అర్ధరాత్రి అంబులెన్సులో తీసుకెళ్లారు. ఫ్రెండ్‌కి తాళం ఇచ్చాను, నీళ్లు పెట్టమని. వాడు పెడుతున్నానన్నాడు. రోజూ అడిగితే రోజూ బావుందన్నాడు."

గదిలో దీపం వేడికి చెక్క టిక్కుమంది. హెల్మీ పామును పెట్టెలోకి దించి మూత వేసింది.

"నీ మీద కోపం పోయింది," అంది చివరికి. "పామును మాత్రం ఇవ్వను."

వాడి మొహం ఎర్రబడింది. "అది నాది! చిన్నపిల్లగా ఉన్నప్పటినుంచీ నేనే పెంచాను. పోలీసుల దగ్గరికి వెళ్తాను!"

"వెళ్లు. రోడ్డు దాటితే కుడివైపు."

వాడు తలుపు దడేలుమనిపించి వెళ్లిపోయాడు. హెల్మీ ఆ వారమంతా తలుపులకి తాళాలు వేసుకుంది. ఏ కారు ఆగినా లేచి చూసేది. పోలీసులు రాలేదు. వాడే వచ్చాడు, రెండు వారాల తర్వాత, చేతులు జేబుల్లో పెట్టుకుని.

"తీసుకెళ్లను. చూడొచ్చా?"

చూడనిచ్చింది, దూరంనుంచి. ఎండాకాలంలో వాడు ఇంకా కొన్నిసార్లు వచ్చాడు. పెట్టెలు కడిగాడు. నీళ్లు మార్చాడు. థర్మామీటర్ ఎలా చూడాలో నేర్చుకున్నాడు. పామును ముట్టుకుంటానని ఎప్పుడూ అడగలేదు. హెల్మీ కూడా ముట్టుకోమనలేదు. వైనో మాత్రం, "వాణ్ణి నమ్ముతున్నావా?" అని అడిగితే, "ఇంకా లేదు," అనేది.

ఆగస్టులో వాడికి గ్రీన్ బే పట్నం వైపు ఏదో పని దొరికింది. వెళ్లే ముందు బీట్రిస్‌ను చూసి పోదామని వచ్చాడు. ఆ రోజు హెల్మీ పెట్టె తెరిచి, బీట్రిస్‌ను ఎత్తి, వాడి చేతుల్లో పెట్టింది. తను అడుగు దూరంలో, పట్టుకోవడానికి సిద్ధంగా చేతులు చాచి నిలబడింది. పాము నాలుక ఆడించింది. వాడి మణికట్టు వాసన చూసింది. ఆగింది. ఒళ్లు బిగించింది. హెల్మీ ఊపిరి ఆపింది. వాడు కదల్లేదు, కళ్లు మూసుకోలేదు, వణకలేదు. బీట్రిస్ మెల్లగా బిగువు వదిలి, వాడి మోచేతి మీదుగా పైకి పాకి, చొక్కా కాలరు కింద తల పెట్టుకుంది.

హెల్మీ చాచిన చేతులు దించింది. వాళ్లిద్దరినీ ఆ గదిలో వదిలి, తలుపు దగ్గరగా వేసి, బయటికి వచ్చేసింది.